బొట్టు పెట్టిన హార్డ్‌డిస్క్

మా బాపు గొంతు నా దగ్గర ఉందా లేదా అన్నది తేలడానికి నాకు మూడు రోజులు, ఒక పాత కేబులు, బడిపిల్లలు వాడే రబ్బరు ముక్క ఒకటి పట్టాయి. అందులో ఒక రోజంతా నా కోపానికే పోయింది. నా కోపం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఇప్పుడు మీకూ తెలుస్తుంది.

కరీంనగర్‌లో నాకొక చిన్న మిక్సింగ్ షాపు ఉంది. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఎవరో షూట్ చేసి తెస్తారు. నేను కూర్చుని కత్తిరించి, పాటలు కలిపి ఇస్తాను. దుబాయిలో, మస్కట్‌లో ఉండి పెళ్లికి రాలేకపోయిన మేనమామలకూ అన్నలకూ ఒకప్పుడు సీడీలు కట్టి పంపేదాన్ని, ఇప్పుడు ఫోన్‌లో లింకు పంపుతున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. మొదట్లో ఈ షాపు శ్రీరాంపూర్‌లో, కాలనీ రోడ్డు మీద ఒక రేకుల గదిలో ఉండేది. అప్పుడు మా నాన్న, అంటే బాపు, అక్కడి బొగ్గు బాయిలో, గనిలో పనిచేసేవాడు. లోపలికి దిగే పని కాదు. పైన, లాంపు రూములో.

లాంపు రూము గురించి కాస్త చెప్పాలి. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. షిఫ్టుకు వచ్చినవాడు కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తాడు. లోపలున్న మా బాపు ఆ బిళ్లను బోర్డు మీద అదే నంబరు మేకుకు తగిలించి, అదే నంబరు లాంపు తీసి చేతికిస్తాడు. పైకి వచ్చాక లాంపు తిరిగిచ్చి బిళ్ల తీసుకుపోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా బోర్డు మీద ఒక బిళ్ల వేలాడుతుందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అలాంటి రోజు బాపు ఇంటికి వచ్చేవాడు కాదు. ఆ మనిషి క్యాంటీన్‌లో ముచ్చట్లు పెట్టుకుని లాంపు ఇవ్వడం మరిచిపోయి ఉండవచ్చు. అయినా సరే, ఆ బిళ్ల దిగేదాకా కిటికీ దగ్గరే నిలబడేవాడు. మా అమ్మ, మేము అవ్వ అంటాం, అన్నం చల్లారిందని తిడితే ఒకటే మాట.

"లెక్క కలువలే."

మిగతా సమయంలో ఆయన పని లాంపుల బ్యాటరీలు తుడవడం. యాసిడ్ తడికి బ్యాటరీ కొసల మీద ఆకుపచ్చ పొర పడుతుంది. దాన్ని రుద్ది, కరెంటు సాఫుగా పోయేటట్టు చేసి ఛార్జింగ్‌కు పెట్టాలి. బాయిలోకి దిగిన మనిషికి తల మీది వెలుగు ఒక్కటే దిక్కు కాబట్టి ఆ పొరంటే బాపుకు పగ.

నా మొదటి కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ నలభై జీబీది. ఇటుక ముక్కంత బరువు. దాని వెనక రెండు వరసల పిన్నులు, వాటికి నాలుగు వేళ్ల వెడల్పున్న బూడిదరంగు పట్టీ కేబులు. పిన్ను ఒకటి వంగిందంటే ఆ రోజు పని గోవిందా. ఒక కేబులుకు రెండు డిస్కులు తగిలించవచ్చు గానీ, ఏది మాస్టరో ఏది స్లేవో వెనకాల జంపర్ అనే చిన్న ముక్క పెట్టి చెప్పాలి. రెండూ మాస్టర్లయితే రెండూ మొండికేస్తాయి. ఇది చెబితే బాపు చాలాసేపు నవ్వాడు.

"ఇండ్ల గూడ సర్దారు, కూలీ ఉన్నరా? ఇద్దరు సర్దార్లయితే మా బాయిల గూడ పని నడువది బిడ్డా."

మొదటి షిఫ్టు దిగిన రోజుల్లో ఆయన సాయంత్రం షాపుకు వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఆ రోజుల్లో నేను మైకు ప్రచారాలు కూడా రికార్డు చేసేదాన్ని. బట్టల దుకాణం తగ్గింపు, కొత్తగా పెట్టిన కోచింగ్ సెంటర్, ఆటోకు మైకు కట్టి తిప్పే మాటలు. రికార్డింగ్‌కు ముందు మైకు పరీక్షించాలి కదా. నా పక్కన ఖాళీగా ఉన్న గొంతు బాపుదే.

"ఏదన్న మాట్లాడు బాపూ."

"ఏం మాట్లాడాలె?"

"ఏదైతే ఏంది, మాట్లాడు."

ఆయన మాట్లాడేవాడు. నేను స్క్రీను మీద లేచి పడే పచ్చ గీతను చూసేదాన్ని. గీత సరిపోయిందంటే చాలనేదాన్ని. ఏం చెప్పాడో ఒక్కసారి కూడా వినలేదు. అవన్నీ టెస్ట్ అనే ఒక ఫోల్డర్‌లో పడి ఉండేవి.

బొగ్గు బాయిల దగ్గర దసరా అంటే మాటలు కాదు. ఆ రోజు యంత్రాలన్నిటికీ పూజ. లాంపు రూములో ఛార్జింగ్ పెట్టే స్టాండులకు బొట్లు పెట్టి, బాపు నేరుగా నా షాపుకు వచ్చేవాడు. నేను మానిటర్‌కు, కీబోర్డుకు పసుపు కుంకుమ పెట్టి అయిపోయిందనుకునేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు.

"డబ్బాకు పెడితే ఏమొస్తదే? లోపల కష్టం జేసేటోనికి పెట్టాలె."

పక్క రేకు విప్పించేవాడు. నా క్యాబినెట్‌లో మరలు సరిగ్గా కూర్చోక హార్డ్‌డిస్క్‌ను తలకిందులుగా బిగించాను, అందుకని దాని పచ్చ బోర్డు పైకి ఉండేది. పసుపు నీళ్లలో బొటనవేలు ముంచి ఆ బోర్డు మీద ఒత్తేవాడు, దాని మీద కుంకుమ. తడి పెట్టకు బాపూ, కరెంటు వస్తువని నేను గొణిగేదాన్ని. ఆరినాకనే స్విచ్చేయి అనేవాడు. నాలుగు దసరాలు అలాగే గడిచాయి. డిస్కుకేమీ కాలేదు కాబట్టి నేనూ గొణగడం మానేశాను.

తరువాత కొత్త రకం డిస్కులు వచ్చాయి. సాటా అంటారు. వేలెడు వెడల్పు కూడా లేని సన్నటి ఎర్ర కేబులు, జంపర్ల గొడవ లేదు, మాస్టరూ స్లేవూ లేరు. నేను కొన్న కొత్త కంప్యూటర్‌లో ఆ సన్న కేబుళ్ల సాకెట్లతో పాటు పాత పట్టీ కేబులుకు కూడా ఒకే ఒక్క సాకెట్ మిగిలి ఉండేది. ముసలివాళ్లకు బస్సులో ఒక సీటు వదిలినట్టు. పాత డిస్కును దానికి తగిలించి, పెళ్లిళ్లన్నీ కొత్తదానిలోకి పోశాను. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా సాగింది. చివరన టెస్ట్ ఫోల్డర్ మిగిలింది. నాకు విసుగొచ్చింది. చెత్త అనుకున్నాను. వదిలేశాను.

ఆ సాయంత్రం కూడా బాపు స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"అన్ని వచ్చినయా? లెక్క కలిసిందా?"

"కలిసింది బాపూ."

అబద్ధం అనుకోలేదు అప్పుడు. పెళ్లిళ్ల లెక్క కలిసింది, నా దృష్టిలో లెక్క అంటే అదే. పాత డిస్కును ఒక బట్టలో చుట్టి ఇనుప పెట్టెలో పడేశాను.

బాపు రిటైరయ్యాక, అవ్వ పోయాక, నేను షాపును కరీంనగర్‌కు మార్చినప్పుడు ఆయనా నాతోనే వచ్చాడు. వచ్చిన రెండో ఏడు గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడకు ఆనించి మాట్లాడే మిషన్ ఒకటి ఇచ్చారు. అందులోంచి గుర్రుమనే మోత వస్తుంది. రెండు రోజులు ప్రయత్నించి, అది తన గొంతు కాదని చేత్తో చూపి పక్కన పెట్టేశాడు. ఒక పలక, బలపం కొనిమ్మన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆయన మాటంతా ఆ పలక మీదే. కోపమొస్తే బలపం గట్టిగా ఒత్తుతాడు, అంతే తేడా.

ఈ ఏడు షాపుకు మళ్లీ కొత్త కంప్యూటర్ తెచ్చాను. ఇప్పటి డిస్కు చూస్తే నవ్వొస్తుంది. చూయింగ్ గమ్ బిళ్లంత పలచటి ముక్క. కేబులే లేదు. నేరుగా మదర్‌బోర్డులో గుచ్చి ఒక చిన్న మర బిగిస్తే పనయిపోతుంది. ఎన్‌వీఎంఈ అని దాని పేరు. దాన్ని అరచేతిలో పెట్టుకుని బాపు పలక మీద రాశాడు, "మా లాంపులు గూడ గిట్లనే చిన్నగైనయ్." నిజమే. ఆయన రిటైరయ్యే నాటికి నడుముకు బ్యాటరీ, తలదాకా వైరు ఉండే లాంపులు పోయి, టోపీకే అంటుకునే చిన్న ఎల్‌ఈడీలు రావడం మొదలైంది.

పాత సామాను సర్దుతుంటే ఇనుప పెట్టెలోంచి ఆ నలభై జీబీ డిస్కు బయటపడింది. బట్ట విప్పింది బాపే. బోర్డు మీద బొట్టు అలాగే ఉంది. పసుపు ఎండి పగుళ్లు పోయినా, బొటనవేలి గీతలు కూడా కనబడుతున్నాయి. ఆయన దాన్ని చాలాసేపు చూసి పలక అందుకున్నాడు.

"దీంట్ల నా మాట ఉన్నది గద?"

చెత్త అని వదిలేసిన టెస్ట్ ఫోల్డర్ గుర్తొచ్చింది. నేనేమీ అనకముందే తుడిచి మళ్లీ రాశాడు.

"నా గొంతు ఎట్లుండెనో యాదికొస్తలేదు."

ఇరవై ఏళ్లుగా మనుషుల జ్ఞాపకాలు దాచిపెట్టే పని చేస్తున్నాను. మా బాపు గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు. మాట పోయేదాకా ఆయన వాడింది బటన్ ఫోనే, అందులో ఏదీ రికార్డు కాలేదు. నా పెళ్లి వీడియోలో ఆయన మూడు నిమిషాలు ఎవరితోనో మాట్లాడతాడు. పెదవులు కదులుతాయి, చేతులు తిరుగుతాయి, మీద సన్నాయి పాట మోగుతుంటుంది. ఆ పాట వేసింది నేనే. అసలు టేపు మీద వేరే పెళ్లి ఎక్కించిందీ నేనే. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

అందులో లేదని చెప్పడం తేలికే. చెప్పలేకపోయాను. ఉంది బాపూ, తీస్తానన్నాను.

కొత్త కంప్యూటర్‌లో పట్టీ కేబులు పట్టే సాకెట్ లేదు. మేము మామూలుగా పోయే కంప్యూటర్ రిపేరు అతని దగ్గరికి పోయాను. డిస్కు మీది పసుపు చూసి అతను నవ్వాడు.

"గిది ఇంక ఉంచినవా అక్కా? దీని కేబుల్ ఇప్పుడు ఎవ్వలు వాడుతున్నరు? పాత ఇనుప సామాను కబాడీల ఏసెయ్యక."

"నీ సలహా నీ దగ్గరే పెట్టుకో. కేబుల్ ఉన్నదా లేదా?"

వెతికి వెతికి, పాత డిస్కులను యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్ ఒకటి దుమ్ము దులిపి ఇచ్చాడు. ఇంటికొచ్చి నా లాప్‌టాప్‌కు తగిలించాను. డిస్కు తిరిగిన చప్పుడు వచ్చింది. స్క్రీను మీద ఏమీ రాలేదు. జంపర్ స్లేవ్‌లో ఉందేమోనని చూశాను, ఉంది, మాస్టర్‌కు మార్చాను. మళ్లీ అదే. తిరుగుతుంది, టక్కుమంటుంది, ఆగుతుంది. ఇరవైసార్లు పెట్టి తీశాను. బాపు స్టూలు మీద కూర్చుని ప్రతిసారీ నా ముఖం వైపే చూస్తున్నాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను.

"నువ్వు పెట్టిన పసుపు నీళ్లకే ఖరాబైంది బాపూ. తడి పెట్టకని మొత్తుకున్న, ఇన్నవా?"

అనేశాను. ఆయన పలక తీసుకోలేదు. లేచి లోపలికి పోయాడు. మరుసటి రోజంతా ఏమీ రాయలేదు. అన్నం పెడితే తిన్నాడు, టీ ఇస్తే తాగాడు. మాట లేని మనిషి అలిగితే ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. నేను షాపులో కూర్చుని ఎవరిదో పెళ్లిలో అప్పగింతలు కత్తిరిస్తూ ఏడ్చాను. తప్పు ఆయనది కాదు. పెళ్లిళ్లతో పాటు ఆ ఒక్క ఫోల్డర్ కూడా ఆ రోజే లాగి ఉంటే ఈ పసుపు ఎంత నానినా నాకు ఫికర్ ఉండేది కాదు.

మూడో రోజు పొద్దున నేను షాపు తెరిచేసరికి బాపు నాకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో డిస్కు. లోపలికి రాగానే నా స్క్రూడ్రైవర్ల డబ్బా తెరిచి, బోర్డు మూలల్లో ఉన్న నక్షత్రం తలల మరలను వేలితో చూపించాడు. విప్పమని.

"బాపూ, నిన్న గాక మొన్న కోపంల అన్న. నీ తప్పు కాదు. అసలు ఆ రోజు నేనే..."

చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు విప్పు, తరువాత ఏడువు అన్నట్టు మళ్లీ మరలు చూపించాడు.

విప్పాను. బోర్డును ఎత్తి తిప్పితే, డిస్కు లోపలి భాగానికి ఆనే చోట చిన్న చిన్న రాగి చుక్కలు వరసగా ఉన్నాయి. మెరవాల్సినవి నల్లగా, అంచుల్లో ఆకుపచ్చగా ఉన్నాయి. నాకేమీ తట్టలేదు గానీ బాపు ముఖం వెలిగింది. ఆ ఆకుపచ్చను ఆయన జీవితమంతా రుద్దాడు మరి. పలక అందుకున్నాడు.

"రబ్బర్."

పక్క దుకాణంలో పెన్సిల్ రబ్బరు కొనుక్కొచ్చాను. బోర్డును ఒక చేత్తో పట్టుకుంటే అవతలి పక్కనున్న బొట్టు పొడి పొడిగా రాలి, వేళ్లకు అంటి ఆ చుక్కల మీద పడుతోంది. ముందు దాన్ని తుడవాలి. నాకు మనసొప్పలేదు.

"ఆగు బాపూ, ఫోటో తీసుకుంట."

నాకు పిచ్చేమన్నా పట్టిందా అన్నట్టు చూశాడు. నేను ఫోన్ తీసేలోపే పొడి గుడ్డతో నాలుగు దసరాల పసుపునూ తుడిచేశాడు. తరువాత రబ్బరుతో ఒక్కొక్క చుక్కనూ రుద్దడం మొదలుపెట్టాడు. వేళ్లు వణుకుతాయి ఈ మధ్య, అప్పుడు వణకలేదు. ఒకటి మెరిసేదాకా రెండోదానికి పోలేదు. నేను తొందరపెట్టలేదు, నా జీవితంలో అదొక వింత.

బోర్డు బిగించి, కేబులు తగిలించాను. డిస్కు తిరిగింది. టక్కుమనలేదు. స్క్రీను మీద దాని గుర్తు వచ్చింది. పెళ్లిళ్ల వరస కింద, అట్టడుగున, టెస్ట్.

అలాంటి డిస్కును నమ్మి పాటలు వింటూ కూర్చోకూడదు, ముందు కాపీ చేసుకోవాలి. ఫోల్డర్‌ను కొత్తదానిలోకి లాగాను. పాతదాని వేగానికి అంత చిన్న ఫోల్డర్‌కు కూడా కాసేపు పట్టింది. అయ్యాక బాపు నా భుజం తట్టి రెండు అరచేతులు తిప్పాడు. అక్కడ ఎన్ని, ఇక్కడ ఎన్ని?

"అక్కడ ఇరవై మూడు. ఇక్కడ ఇరవై మూడు. లెక్క కలిసింది బాపూ." మిగతాది కూడా చెప్పాను. "ఆ రోజు కలువలే. నీయి వదిలేసి కలిసిందని చెప్పిన."

ఆయన తల ఊపాడు. నాకు ఇప్పటికీ అనుమానం, ఆ సంగతి ఆయనకు ఆ రోజే తెలుసేమోనని.

మొదటిది పెట్టాను. "ఆ... ఏం మాట్లాడాలె? మాట్లాడుతున్న గద." కాస్త గరగర, చివర్లో సాగే యాస. బాపు స్పీకరు దగ్గరికి స్టూలు జరుపుకున్నాడు. చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది, గొంతు ఉండాల్సిన చోటికి. ఏడవలేదు. కొత్త మనిషి మాట వింటున్నట్టు, తప్పులు పడుతున్నట్టు, తల ఒక పక్కకు వంచి విన్నాడు. నేను మాత్రం ముక్కు చీదుకుంటూనే ఉన్నాను.

అన్నీ చిన్నవే, అర నిమిషం, నిమిషం. ఒక్కటే పెద్దది.

"నిన్న రెండో షిఫ్టు ముచ్చట చెప్త ఇను. అందరు ఎక్కి వచ్చిండ్రు. నూట పదిహేను, వచ్చిండు. నూట పదహారు, వచ్చిండు. నూట పదిహేడు, రాలే. గంటాయె, రాలే. నాకు పరేషాన్. బోర్డు మీద ఒక్క బిళ్ల ఊగుతున్నది. నేను కిటికీ కాడనే నిలవడ్డ. ఇగ గప్పుడు..."

"చాలు బాపూ, సరిపోయింది."

అది నా గొంతు. వయసులో ఉన్న, తొందరలో ఉన్న నా గొంతు. టక్కున ఆగిపోయింది. అంతే, అక్కడితో ఫైలు అయిపోయింది.

నేను బాపు వైపు తిరిగాను. ఇరవై ఏళ్ల కింద అడగాల్సింది అప్పుడు అడిగాను.

"వచ్చిండా బాపూ, ఆ మనిషి?"

ఆయన బలపం తీసుకున్నాడు. పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో, కిటికీ అవతలి మనిషికి కూడా కనబడేటట్టు రాశాడు.

"117. వచ్చిండు."